వైశాలి వంద పుస్తకాలు

వైశాలికి నెమ్మదిగా చదవడమే తెలుసు. నస్రుల్లాబాద్‌లో పుట్టింట్లో ఉన్నప్పటి నుంచీ అంతే. మనసుకు పట్టిన వాక్యం ఒకటి తగిలిందంటే చాలు, పుస్తకాన్ని గుండెల మీద బోర్లించుకుని కప్పుకేసి చూస్తూ పడుకునేది. ఆఖరి పేజీలు దగ్గరపడుతున్నకొద్దీ దిగులు పట్టుకునేది. అయిపోతుందేమోనని పుస్తకాన్ని బియ్యం డబ్బా వెనక దాచి, లేని పనులు కల్పించుకునేది. నచ్చిన పుస్తకం ముగిసిన మర్నాడే మళ్లీ మొదటి పేజీ తెరిచేది. "సదివిందే ఎన్నిసార్లు సదువుతవే?" అని తల్లి విసుక్కునేది. పేజీల అంచుల్లో పెన్సిల్‌తో చిన్న చిన్న మాటలు రాసుకునేది గానీ వాటిని ఎవరికీ చూపించేది కాదు.

పెళ్లయి బాన్సువాడ వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. భర్త అఖిలేశ్‌కు బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. మంచివాడు. అతను పుస్తకం చదివిన పాపాన పోలేదు గానీ, చదివే భార్య దొరికిందని మురిసిపోయేవాడు. సాయంత్రం దుకాణం కట్టేసి వచ్చి కంచం ముందు కూర్చోగానే "ఇయ్యాల కథ ఎందాక వచ్చింది?" అని అడిగేవాడు. ఆమె చెబుతుంటే అన్నం చల్లారేది. కథలో ఎవడైనా మోసం చేస్తే "వాని సంగతి తర్వాతేమైతది? ఊకెనే ఇడిసిపెడ్తరా?" అని నిజంగానే కోప్పడేవాడు. పెళ్లయిన కొత్తలో వాళ్లిద్దరి మధ్య మాటలు కలిసింది ఈ కథల వల్లే.

ఒకరోజు ఆమె అలా చెబుతుంటే, ఆమెకు తెలియకుండా ఫోన్‌లో వీడియో తీశాడు. నెట్‌లో పెట్టాడు. ఎక్కడెక్కడి వాళ్లో చూశారు. "అక్కా, ఇంకో పుస్తకం గురించి చెప్పండి" అని రాశారు. అఖిలేశ్ కాలు నేల మీద నిలవలేదు. "వైశాలి పుస్తకాల అర" అని ఛానల్ పేరు పెట్టాడు. గుండ్రటి లైటు కొన్నాడు. ముందు గదిలో అద్దాల తలుపుల అలమర చేయించాడు. ఆమెకు కూడా మొదట్లో సరదాగానే ఉండేది. తను చదివిన దాని గురించి వినడానికి అంతమంది ఉన్నారంటే ఎవరికి బాగుండదు?

ఆ జనవరిలో, ఆమెతో ఒక్క మాటైనా అనకుండా, "ఈ సంవత్సరం మా వైశాలి వంద పుస్తకాలు చదువుతుంది, ప్రతి పుస్తకానికీ రివ్యూ చెబుతుంది" అని ప్రకటించాడు. అలమర పక్కన తెల్లబోర్డు తగిలించి దాని మీద పెద్ద సున్నా వేశాడు.

"వందనా?" అంది ఆమె.

"నువ్వు సదివేదే గద వైశూ. ఊకె సదివే బదులు లెక్కవెట్టి సదువుతవ్, అంతే. ఫికర్ జేయకు, మిగతాదంత నేను జూస్కుంట."

మిగతాదంతా అతను చూసుకున్న మాట నిజమే. ప్రచురణకర్తలతో మాట్లాడాడు, కొరియర్లు తెప్పించాడు, చూసినవాళ్లకు జవాబులు రాశాడు. చదవడం ఒక్కటే ఆమెకు మిగిలింది. ఆ ఒక్కటే ఆమెకు చేతకాకుండా పోయింది. పుస్తకం తెరవగానే ముందు పేజీలెన్నో చూసుకోవడం అలవాటైంది. లావు పుస్తకాలు అలమర పైఅరకు పోయాయి. పప్పు కలుపుతూ, కూరగాయలు తరుగుతూ, పేజీ మీంచి కన్ను తీయకుండా పరుగులు తీసేది. మంచి వాక్యం ఎదురైతే, బజారులో దగ్గరి చుట్టం కనబడినా ఆగకుండా బండి మీద పోయినట్టు, దాన్ని దాటిపోయేది. దాటాక లోపల ఎక్కడో కలుక్కుమనేది. వెనక్కి పోదామంటే ప్రతి ఆదివారం వీడియోలో రెండేసి పుస్తకాలు చెప్పాలి.

అత్తగారు భాగ్యవతి మొదట్లో ఆ లైటును చూసి "ఇల్లా, సినిమా టాకీసా?" అని సణిగింది. తర్వాత ఆమే మారిపోయింది. బీర్కూర్‌లో వాళ్లకు వరి పొలం ఉంది. పొద్దున బస్సుకు పోయి పనులు చూసుకుని సాయంత్రానికి వస్తుంది. బస్సులో ఎవరో "మీ కోడలే గదా పుస్తకాలు జెప్పేది?" అని అడిగి లేచి సీటిచ్చారట. ఆ రోజు నుంచి పెళ్లిళ్లకూ పేరంటాలకూ కోడల్ని వెంటబెట్టుకుని పోయి "మా కోడలు వంద పుస్తకాలు సదువుతుంది" అని చెప్పడం మొదలుపెట్టింది. ఊళ్లో వైశాలి పేరు పోయి "బుక్స్ మేడం" మిగిలింది.

వానాకాలం నాట్లు పడ్డాయి. కూలీలకు అన్నం వండి పంపడం వైశాలి పని. తెల్లారకముందే పొయ్యి వెలిగించి, మధ్యాహ్నానికి నడుం వాల్చితే పుస్తకం ముఖం మీద పడి నిద్రపట్టేది. బోర్డు మీది అంకె కదలడం మానేసింది. ఆ వారం ఆదివారానికి చదివిన పుస్తకం ఒక్కటీ లేదు.

"ఈ ఒక్కవారం ఆపుదాం" అంది.

అఖిలేశ్ కొరియర్ల దొంతర్లోంచి అన్నిటికంటే పల్చటి పుస్తకం తీశాడు. పేరు "కాలవ గట్టు ఇల్లు". రాసినావిడ రాజ్యం, ఊరు రుద్రూర్. పుస్తకాన్ని తిప్పి వెనక అట్ట చదివాడు. కోస్తా నుంచి వచ్చి నిజాంసాగర్ కాలువ కింద పొలం కొనుక్కున్న కుటుంబం, తల్లీకూతుళ్ల బంధం, గుండెల్ని తడిపే నవల అని ఉంది అక్కడ.

"నేను రాసిస్త. నువ్వు జూసి సదువు. ఈ ఒక్కపారే."

"సదవకుండ ఎట్ల జెప్త? తప్పు గాదా?"

"తర్వాత సదువుతవ్ గద. ముందు జెప్తవ్, ఎన్క సదువుతవ్. ఎవ్వరికేం నష్టం? పాపం ఎవరో పెద్దమనిషి సొంతంగ అచ్చేసుకున్నట్టుంది. నాలుగు పుస్తకాలు అమ్ముడువోతయి ఆమెయి."

అలసట వల్లనో, అతని మాటలో న్యాయం ఉన్నట్టు తోచడం వల్లనో, వైశాలి లైటు ముందు కూర్చుంది. అఖిలేశ్ రాసింది కెమెరా పైన కనబడుతుంటే చదువుకుంటూ పోయింది. చివర్లో "తల్లీకూతుళ్లు మళ్లీ కలుసుకునే చోట నేను ఏడుపు ఆపుకోలేకపోయాను" అని ఉంది. అదీ చదివింది. ఆ మాట అంటున్నప్పుడు గొంతు దానంతటదే వణికింది. అది చూసి "బలే జేసినవ్" అన్నాడు అఖిలేశ్. బోర్డు మీది అంకె ఒకటి పెరిగింది.

కొన్నాళ్లకు, నాట్లు అయిపోయాక, ఒక మధ్యాహ్నం వేళ అఖిలేశ్ దుకాణం నుంచి ఎవరో పెద్దావిడను బండి మీద ఎక్కించుకుని వచ్చాడు. మడత నలగని నేతచీర, చేతిలో గొడుగు, ఇంకో చేతిలో సంచి. అతని ముఖం వెలిగిపోతోంది.

"వైశూ, ఎవరొచ్చిన్రో జూడు! రాజ్యమ్మగారు. 'కాలవ గట్టు ఇల్లు' రాసిన మేడం. నీకు సర్‌ప్రైజ్ ఇద్దామని చెప్పలే."

వైశాలి చేతిలోని చేట కింద పెట్టి నమస్కారం చేసింది. అద్దాల అలమరలో ఆ పుస్తకం అతను పెట్టిన చోటే ఉంది, ఒక్క పేజీ నలగకుండా.

రాజ్యం కుర్చీలో కూర్చుని సంచిలోంచి నిమ్మకాయ ఊరగాయ సీసా తీసి బల్ల మీద పెట్టింది. అఖిలేశ్ అప్పటికే ఫోన్‌ను కర్రకు బిగించి తీయడం మొదలుపెట్టాడు. "మామూలుగ మాట్లాడుకోండమ్మా, నేను లేననుకోండి" అన్నాడు.

"మా పక్కింటి లక్ష్మీకుమారి చూపించిందమ్మా నీ వీడియో" అంది రాజ్యం. "నా పుస్తకం గురించి ఒకరు మాట్లాడగా వినడం అదే మొదలు. మళ్లీ మళ్లీ పెట్టించుకుని విన్నాను. ఒక్కటి అడిగి పోదామని వచ్చాను. ఏమీ అనుకోవుగా?"

"అడగండమ్మా."

"తల్లీకూతుళ్లు కలుసుకున్న చోట ఏడ్చానన్నావు." ఆవిడ గొడుగు పిడిని వేళ్లతో తిప్పుతూ ఆగింది. "నేనైతే వాళ్లను కలపలేదమ్మా. ఆ తల్లి కూతురి గుమ్మం దాకా పోయి, తలుపు కొట్టకుండా తిరిగొచ్చేస్తుంది. అంతటితో ఆపేశాను. నీ మాట విన్నాక, అచ్చువేసినాయన ఏమైనా మార్చాడేమోనని నా పుస్తకం నేనే తీసి చూసుకున్నాను."

వైశాలికి ఆ గదిలో గాలి చాలనట్టయింది. అఖిలేశ్ ఫోన్ వెనక కదలకుండా నిలబడ్డాడు.

"తర్వాత నాకే అనిపించింది" అంది రాజ్యం, నవ్వబోతూ. "రాసేవాళ్లకు కనబడనివి చదివేవాళ్లకు కనబడతాయి కదా. మా సిరీష నాతో మాట్లాడి ఏళ్లు గడిచాయి. ఎక్కడో లేదు, ఇదిగో ఈ నిజామాబాదులోనే ఉంటుంది. దాని చదువు నేనే ఆపించాను. ఆ పుస్తకంలో వాళ్లిద్దర్నీ కలుపుదామని ఎన్నిసార్లు కూర్చున్నానో. కలం సాగలేదు. ఎలా రాసినా అబద్ధంలా ఉండేది. నీకెక్కడో కనబడిందన్నావు గదా, చెప్పమ్మా. ఎలా కలుసుకున్నారు? ముందు ఎవరు మాట్లాడారు?"

చెప్పడం వైశాలికి కష్టం కాదు. అలాంటి కలయికలు ఎన్ని పుస్తకాల్లో చదవలేదు! తల్లి గుమ్మంలో నిలబడింది, కూతురు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది, గ్లాసు అందుకునేటప్పుడు వేళ్లు తగిలాయి... మాటలు నాలుక మీదికి వచ్చేశాయి కూడా. అవి చెబితే పెద్దావిడ సంతోషంగా పోతుంది. మొగుడు సంతోషిస్తాడు. చూసే వేలమంది కన్నీళ్లు పెట్టుకుంటారు. ఆవిడ ముఖం కేసి చూసింది. పరీక్ష పెడుతున్న ముఖం కాదది. నిజంగా వినాలని వచ్చిన ముఖం.

"నేను సదవలేదమ్మా" అంది వైశాలి.

రాజ్యానికి వెంటనే అర్థం కాలేదు. "చివర చదవలేదా?"

"ఒక్క పేజీ గూడ సదవలే."

"మరి ఏడ్చానన్నావే?"

ఆ అడగడంలో కోపం లేదు, చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది. అందుకే వైశాలి తల ఎత్తలేకపోయింది. అఖిలేశ్ ముందుకు వచ్చాడు.

"తప్పు నాదమ్మా. నేను రాసిచ్చిన, ఆమె సదివింది."

"నువ్వు చదివావా బాబూ?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"అయితే ఇంకా ఎవరూ చదవలేదన్నమాట" అంటూ రాజ్యం లేచింది. మంచినీళ్లు ఇస్తే తాగింది. బండి మీద దించుతానంటే వద్దంది. రుద్రూర్ మీదుగా పోయే బోధన్ బస్సు ఎక్కడ ఆగుతుందో తనకు తెలుసని, ఎండలో గొడుగు విప్పుకుని నడుచుకుంటూ పోయింది. ఊరగాయ సీసా బల్ల మీదే ఉండిపోయింది. దాన్ని వెనక్కి ఇవ్వాలో, ఉంచుకోవాలో వాళ్లిద్దరికీ తెలియలేదు.

ఆ సాయంత్రం వైశాలి మొదటిసారి గట్టిగా మాట్లాడింది. "ఆ వీడియో తీసెయ్. ఉన్నదున్నట్టు నేనే జెప్త. ఇగ ఆపేద్దాం."

"జెప్పు" అన్నాడు అఖిలేశ్. అతనికీ ఆ రోజు అన్నం సయించలేదు. "జెప్పాల్సిందే."

లైటు ముందు కూర్చుని చదవకుండా మాట్లాడానని, తప్పయిందని, రాజ్యమ్మగారు క్షమించాలని నాలుగు ముక్కల్లో చెప్పి లేచింది వైశాలి. ఆపేస్తున్నానని కూడా చెప్పింది. మర్నాడు చూసుకుంటే ఆ చివరిమాట వీడియోలో లేదు. దాని బదులు వెనకాల సన్నగా వేణువు వినబడుతోంది. పైన "నేను మోసం చేశాను" అని పెద్ద అక్షరాలు. నీళ్లు నిండిన ఆమె కళ్ల దగ్గరే బొమ్మ ఆగి ఉంది.

"ఆపేస్తనన్న మాట ఏమైంది?"

"కోపంల అన్నవనుకున్న వైశూ. రేపు నువ్వే బాధపడ్తవ్."

ఆ వీడియోను అంతకుముందు దేన్నీ చూడనంతమంది చూశారు. ఇంత నిజాయితీ ఎక్కడుందని రాశారు. కొరియర్లు రెట్టింపయ్యాయి. ఒక బడి వాళ్లు పిల్లలకు నిజాయితీ మీద నాలుగు మాటలు చెప్పాలని పిలిచి శాలువా కప్పారు. వైశాలి ఆ శాలువా కప్పుకుని ఊపిరాడనట్టు కూర్చుంది. మానేస్తానని అత్తగారితో అంటే ఆమె చేతిలోని పని ఆపింది.

"ఏందే బిడ్డా, ఇప్పుడు మానేస్తనంటె నలుగురికి నేనేం జెప్పాలె? దొంగతనం బయటవడ్డదని మానేసిందంటరు. సంవత్సరం ఎల్లదియ్యి, ఆ వంద గానియ్యి."

నిజమే అనిపించింది. మానేస్తే తప్పు చేసి పారిపోయినట్టు, కొనసాగిస్తే తప్పునే అమ్ముకుంటున్నట్టు. ఎటు తిరిగినా గోడే.

ఒక్క పని మాత్రం చేసింది. అలమరలోంచి "కాలవ గట్టు ఇల్లు" తీసి వంటగదిలోకి తెచ్చుకుంది. బోర్డు కోసం చదివే పుస్తకాలు ముందు గదిలో, ఇది ఇక్కడ. పొయ్యి మీద అన్నం ఉడికేంతసేపు రెండు పేజీలు. బీర్కూర్ పోయిన రోజు పొలం దగ్గర మోటారు గది నీడలో నాలుగు పేజీలు. వానలు పోయి చలి వచ్చేదాకా చదివింది. గుమ్మం దాకా పోయి తిరిగొచ్చే ఆ చివరి ఘట్టం దగ్గర ఆమెకు ఏడుపు రాలేదు. పుస్తకాన్ని గుండెల మీద బోర్లించుకుని చాలాసేపు అలాగే కూర్చుంది, కుక్కర్ కూస్తున్నా లేవలేదు.

ఒకరోజు పుట్టింటికని చెప్పి రుద్రూర్ బస్సెక్కింది.

రాజ్యం ఇల్లు ఊరి చివర, కాలువ పిల్లకాలువగా చీలే చోట ఉంది. ఆవిడ వాకిట్లో మినుములు ఎండబెడుతోంది. వైశాలిని చూసి గుర్తుపట్టింది గానీ లేవలేదు.

"కెమెరా తెచ్చావా?"

"లేదమ్మా. ఒక్కదాన్నే వచ్చిన."

"నీ రెండో వీడియో కూడా చూశానులే. మీ ఆయన వేణువు బాగానే పెట్టాడు. పుస్తకాలన్నీ అమ్ముడుపోయాయి, మళ్లీ అచ్చు వేస్తామంటున్నారు. ఊళ్లో ఇప్పుడు నన్ను 'ఆ చదవని పుస్తకం ఆవిడ' అంటున్నారు." చేటలో మినుములు ఒకసారి ఎగరేసింది. "సిరీష కూడా చూసే ఉంటుంది. ఫోనైతే రాలేదు."

క్షమించమనే మాట వైశాలి ఎత్తలేదు. అది అప్పటికే లోకమంతా వినేసింది; మళ్లీ చెబితే దానికి విలువేముంది? అందుకని పక్కనే కూర్చుని మినుముల్లో రాళ్లు ఏరడం మొదలుపెట్టింది.

"ఆ తల్లి తూము కాడ కొట్లాడేది ఉంది గదమ్మా" అంది కాసేపటికి. "వచ్చిన కొత్తల ఈడి భాష రాక, నీళ్లు మళ్లించుకున్నోన్ని ఏమనలేక ఊకుంటది. ఆఖరికి ఒకరోజు మా దిక్కు తిట్టే తిడ్తది. తిట్టి, ఆమెనే బిత్తరపోతది. ఆ తిట్టు సదివి నేను ఒక్కదాన్నే ఎంతసేపు నవ్విన్నో. ఇంటికొచ్చి మొగనికి కూడ చెప్పకుండ దాసుకుంటది, అది ఇంక బాగ నచ్చింది నాకు."

రాజ్యం చేతులు ఆగిపోయాయి. "అది నిజంగా జరిగింది" అంది. ఆవిడ ముఖంలో ఏదో సడలింది. "ఆ రోజు నాకు అన్నం రుచిగా అనిపించిందమ్మా. ఈ ఊరు నాదే అనిపించింది. అది ఎవరైనా పట్టుకుంటారా అనుకున్నాను."

పొద్దు వాలేదాకా మాట్లాడుకున్నారు. లేచేటప్పుడు రాజ్యం అడిగింది. "ఇవన్నీ వీడియోలో చెబుతావా?"

"చెప్పనమ్మా. బోర్డు మీద గూడ ఎక్కియ్య."

"చెప్పకు" అంది రాజ్యం. చేట పక్కన పెట్టి, "మళ్లీ రా" అంది.

ఇంటికి వచ్చేసరికి అఖిలేశ్ లైటు వెలిగించుకుని ఎదురుచూస్తున్నాడు. ఆదివారం వీడియో ఇంకా కాలేదు. పుట్టింటికి పోలేదని, రుద్రూర్ పోయానని అతనికి చెప్పింది. అతను నొచ్చుకోలేదు. ఎగిరి గంతేసినంత పని చేశాడు.

"కలిసినవా? మాట్లాడిందా? అరె, నాకు చెప్తే వస్తుంటి గద, ఎంత మంచి వీడియో అయితుండె!"

"అందుకే చెప్పలే."

అతను నవ్వబోయి ఆగిపోయాడు.

"వచ్చే సంవత్సరం నంబర్ వద్దు నాకు" అంది వైశాలి. "లెక్క లేకుండ సదువుకుంట. మెల్లగ సదువుకుంట."

"సరే" అన్నాడు అఖిలేశ్ వెంటనే. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. కళ్లు మెరుస్తున్నాయి. "మెల్లగ సదువుడు! స్లో రీడింగ్ ఛాలెంజ్ అని వెడ్దాం. సంవత్సరమంత పన్నెండు పుస్తకాలే. ఎవ్వరు జేస్తలేరు ఇది."

వైశాలి కుర్చీలో కూలబడింది. నవ్వో ఏడుపో తెలియనిది ఒకటి వచ్చింది. ఆమె ఏ కిటికీ తెరిచినా ఈ మనిషి ప్రేమగా వచ్చి దానికి ఊచలు బిగిస్తాడు, గాలి బాగా వస్తుందా అని అడుగుతాడు కూడా.

"వద్దు అఖిల్. అది గూడ వద్దు."

"మరి నేనేం జేయాలె?" అన్నాడు. ఈసారి ఆ గొంతులో చిన్నబుచ్చుకోవడం వినబడింది. "దుకాణం నుంచి వచ్చినంక నాకున్నదే ఇది. నువ్వు కథ చెప్తుంటే వినేటోన్ని. ఇప్పుడు నువ్వు కెమెరాకే చెప్తవ్. నేను కెమెరా ఎన్కనన్న ఉండాలె గద."

వైశాలికి ఆ సంగతి ఎప్పుడూ తట్టలేదు. కథ వింటూ అన్నం చల్లార్చుకునే మనిషి ఎప్పుడు మాయమయ్యాడో ఆమె చూసుకోలేదు. తనతోపాటు అతనూ ఈ గదిలోనే చిక్కుకుని ఉన్నాడు. కాకపోతే అతను దీన్నే బయటి లోకం అనుకుంటున్నాడు.

సంచిలోంచి "కాలవ గట్టు ఇల్లు" తీసి అతని చేతిలో పెట్టింది. అంచుల నిండా పెన్సిల్ మాటలున్న పుస్తకం. తను రాసుకున్నవి ఇంకొకరికి ఇవ్వడం అదే మొదలు.

"ఇది సదువు. వీడియో కోసం గాదు. సదివి నాకు చెప్పు."

అఖిలేశ్ పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పాడు. వెనక అట్ట చూడబోయి మానేశాడు. మూలనున్న పీట మీద కూర్చుని మొదటి పేజీ తెరిచాడు. కొత్తగా చదువు నేర్చినవాడిలా పెదవులు కదుపుతూ, ఒక్కో మాటా పట్టుకుని చదువుతున్నాడు.

బోర్డు మీద వందకు ఇంకా ఏడు తక్కువున్నాయి. లోపలి నుంచి భాగ్యవతి "వీడియో అయిందా బిడ్డా?" అని కేకేసింది. "అయితుంది అత్తమ్మా" అని బదులిచ్చి, వైశాలి బల్ల మీద ఉన్న, ఆ వారం పరుగున చదివేసిన పల్చటి పుస్తకం ఒకటి తీసుకుని లైటు ముందు కూర్చుంది. ఫోన్ మీట నొక్కేవాడు చదువుకుంటున్నాడు గనక తనే లేచి నొక్కి, మళ్లీ వచ్చి కూర్చుని, నమస్తే చెప్పింది.